ఈశాన్యం మూల కింద ఏముంది?

రెండు తెలుగు రాష్ట్రాల పట్టణ ప్రణాళికాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను మట్టి పరీక్షల మనిషిని. ముప్పై ఏళ్లకు పైగా మూడుకాళ్ల స్టాండు, బోరు గొట్టాలు, సుత్తి వ్యాన్‌లో వేసుకుని ఊళ్లు తిరిగాను. మీ దగ్గరికి వచ్చే ప్లానులో రోడ్డు వెడల్పెంత, సెట్‌బ్యాక్ ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు, ఇంకుడు గుంత చూపించారా లేదా అని చూస్తారు. అవన్నీ నేల పైన సంగతులు. నేల కింద ఏముందో ఆ కాగితం మీద కనపడదు. ఒకే ఇంటి కింద నాలుగు మూలలా నాలుగు రకాల మట్టి ఉంటే ఆ ఇంటికి ఏమవుతుందో, దాన్ని ముందే ఎలా కనిపెట్టాలో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పనిలో చేరిన కొత్తలో మాట. కృష్ణా డెల్టాలో ఒక పట్నం. రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన, తాతల నాటి పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో రెండంతస్తుల డాబా మొదలుపెట్టారు. స్థలం చిన్నదే కదా అని మధ్యలో ఒక్క బోరు వేశాను. ఆరు మీటర్లు దిగాను. పైన మీటరున్నర నల్లమట్టి, దాని కింద ఇసుక కలిసిన గట్టి బంకమన్ను. సుత్తి దెబ్బల లెక్క బాగా వచ్చింది. చదరపు మీటరుకు పన్నెండు టన్నులు మోస్తుందని రాసి సంతకం పెట్టాను. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లి భోంచేసి వచ్చాను కూడా.

మూడో ఏడు మాస్టారు కబురు పెట్టారు. వెళ్లి చూస్తే ఈశాన్యం గదిలో కిటికీ మూల నుంచి స్లాబు దాకా బీట. ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కింది, పైకి పోయేకొద్దీ వెడల్పు. ఆ గది తలుపును వడ్రంగి మూడుసార్లు చిత్రిక పట్టినా మళ్లీ పట్టేస్తోంది. మాస్టారు బీటకు అడ్డంగా గాజుముక్క అతికించి దాని మీద తేదీ రాశారు. అది విరిగాక ఇంకోటి, దాని మీద ఇంకో తేదీ. అలా నాలుగు చూపించారు.

"బాబూ, నువ్వు రాసిన నంబరు తప్పా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు. పిల్లవాడి లెక్కలో ఎక్కడ పొరపాటు జరిగిందో వెతికే మాస్టారి గొంతది.

"తప్పు కాదండీ. నేను వేసిన బోరు వరకూ అది నిజమే" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

అసలు జవాబు ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పింది. "అక్కడ నుయ్యి ఉండేదిగా నాయనా! వీధి వీధంతా ఆ నీళ్లే తాగేవాళ్లం. కుళాయిలొచ్చాక పెంకులూ బూడిదా పోసి పూడ్చేశారు." ఈశాన్యం పిల్లరు సరిగ్గా ఆ నూతి అంచు మీద కూర్చుంది. ఫుటింగులో సగం గట్టి నేల మీద, సగం పెంకుల మీద. పునాది గుంత తవ్విన రోజు మేస్త్రికి ఆ పెంకుముక్కలు కనిపించే ఉంటాయి. ఆయన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన నేను ఆ రోజు అక్కడ లేను.

తర్వాత ఆ మూలకు పోట్లు పెట్టి, కొంచెం కొంచెంగా తవ్వి, పెంకులన్నీ తీసి, గట్టి నేల దాకా కాంక్రీటు దింపాం. సగం ఖర్చు నేనిస్తానంటే మాస్టారు వద్దన్నారు. "నువ్వు నేర్చుకున్నావు, నాకదే ఫీజు" అన్నారు. ఏం నేర్చుకున్నానో ఇన్నేళ్లకు మీకు అప్పజెబుతున్నాను.

నుయ్యి ఆ మూలనే ఉండటం యాదృచ్ఛికం కాదు. మనవాళ్లు నుయ్యి ఎక్కడ తవ్వుతారు? ఈశాన్యంలో. తరతరాలుగా అదే వాస్తు శాస్త్రం. పాత ఇల్లు స్థలం మధ్యలో ఉండేది, నుయ్యి పెరట్లో ఓ మూల ఉండేది. ఇప్పుడు ఆ స్థలంలో గోడ నుంచి గోడ దాకా అపార్టుమెంటు లేస్తోంది. కనుక పూడ్చిన నుయ్యి పిల్లరు కిందకు వస్తోంది. ఇదే వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలి కాబట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి మూల ఎక్కిస్తారు. ఇరవై వేల లీటర్ల ట్యాంకంటే ఇరవై టన్నులు. నీళ్ల సంపు మళ్లీ ఈశాన్యంలోనే. దానికి చిన్న చెమ్మ లీకున్నా ఆ మూల మట్టి నానుతుంది. వాస్తును నేను వెక్కిరించడం లేదు, మా ఇంట్లోనూ ట్యాంకు నైరుతిలోనే ఉంది. ఒక మూల బరువు, ఎదురు మూల మెత్తన అనే సంగతి లెక్కలోకి రావాలంటున్నాను. పాత ఇళ్ల స్థలాల్లో బోరు మధ్యలో వేసి ఊరుకోవడమంటే, అనుమానం ఉన్న చోటు వదిలేసి లేని చోట వెతకడమే.

కుంగని ఇల్లంటూ ఉండదు. ఎంత గట్టి నేలైనా బరువు పడితే ఎంతో కొంత దిగుతుంది. ఇల్లంతా ఒకేలా దిగితే గోడకు తెలియదు, మనకూ తెలియదు. మహా అయితే మెట్టు ఎత్తు మారుతుంది, డ్రైనేజీ గొట్టం వాలు మారుతుంది. ఒక పిల్లరు దిగి పక్క పిల్లరు దిగనప్పుడే గోడ చిరుగుతుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 1904 ఈ రెండు సంగతుల్నీ విడివిడిగానే చెప్పింది. విడి ఫుటింగుల మీద కాంక్రీటు ఫ్రేము కడితే, ఇసుకలోనూ గట్టి బంకమన్నులోనూ మొత్తం కుంగుడు 50 మిల్లీమీటర్లు మించకూడదు, మెత్తటి బంకమన్నులో 75 మించకూడదు. పక్కపక్క పిల్లర్ల మధ్య తేడా మాత్రం వాటి నడుమ దూరంలో 0.0015 వంతు, అంటే 666లో ఒక వంతు దాటకూడదు.

పిల్లర్ల మధ్య నాలుగు మీటర్లనుకోండి. తేడా ఆరు మిల్లీమీటర్లు. పెన్సిలంత మందం కూడా లేదు.

ఇక్కడే మా వృత్తిలో ఒక పాడలవాటుంది. నివేదిక రాసేటప్పుడు ఆ 50నే పట్టుకుంటాం. ఇంత బరువుకు కుంగుడు 50 లోపే వస్తోంది కాబట్టి ఎస్‌బీసీ, అంటే నేల భద్రంగా మోయగల బరువు, ఇంత అని తేల్చి, కింద గీత గీసేస్తాం. ఆరు మిల్లీమీటర్ల మాట ఎవరూ ఎత్తరు. ఎందుకంటే తేడా లెక్కకట్టాలంటే కనీసం రెండు చోట్ల మట్టి తెలియాలి. ఒక్క బోరులో తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క మనిషి ఎత్తు కొలిచి ఊరందరి ఎత్తుల తేడా చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 98 భవనాల కుంగుళ్లు పోల్చి చూశారు. దూరంలో 300వ వంతు తేడా వచ్చేసరికి గోడలకు బీటలు కనపడతాయని, 150వ వంతుకు చేరితే బీములకూ పిల్లర్లకూ దెబ్బ తగులుతుందని తేల్చారు. నాలుగు మీటర్లకు మొదటిది 13 మిల్లీమీటర్లు, రెండోది 27. అంటే ఒక అంగుళం తేడా చాలు, ఇల్లు ప్రమాదంలోకి జారడానికి. అంతకుముందే, 1948లో, టెర్జాగీ, పెక్ అనే ఇంజనీర్లు తమ పుస్తకంలో ఇసుక నేలకు ఒక మాట చెప్పారు. ఏ ఫుటింగూ అంగుళం మించి కుంగకుండా చూసుకున్నా, వాటి మధ్య తేడా ముప్పావు అంగుళం దాకా రావచ్చని. ఇసుక చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా గజం గజానికీ దాని బిగువు మారుతుందనే ఎరుక ఆ మాటలో ఉంది.

పైకి సమానంగా కనిపించే నేలలోనే ఇంత. మన నేలల సంగతి చూడండి.

"హైదరాబాద్‌లో పునాదికి భయమేముంది, కింద అంతా బండే" అంటారు. బండే, కాదనను. ఆ గ్రానైటు బీటల వెంట నీరు దిగి, కొన్ని చోట్ల ఎన్నో అడుగుల లోతు దాకా మొరంగా మారింది. మొరం మధ్యలో కుళ్లని గుండ్లు మిగిలిపోయాయి. ఒక మూల రెండడుగులకే షీట్ రాక్ తగులుతుంది, ఇంకో మూల పదిహేనడుగులు పోయినా మొరమే. బోరు ఒక గుండు మీద పడిందో, సుత్తి ఎగిరెగిరి పడుతుంది, రాయి తగిలిందని రాసుకుని సామాను సర్దేస్తారు. ఆ గుండు కింద మెత్తటి మట్టి ఉండొచ్చు. ఇలాంటి చోట ఇంటికి చెరుపు చేసేది గట్టి నేలే. బండ మీద నిలిచిన పిల్లరు వెంట్రుకవాసి కదలదు. మొరం మీదో పోసిన మట్టి మీదో నిలిచినది పది పదిహేను మిల్లీమీటర్లు దిగుతుంది. మొత్తం మెత్తటి నేలైతే అన్నీ కలిసి దిగేవి, గోడ బతికేది.

పైగా ఆ నగరంలో కుంటలు, నాలాలు పూడ్చిన కాలనీలు కొల్లలు. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు ఎక్కడుందని ఇవాళ అడిగితే నవ్వుతారు. పేరు మిగిలింది, చెరువు పోయింది. ఊరి పేరులోనో వీధి పేరులోనో కుంట, చెరువు, వాగు, గెడ్డ, దిబ్బ అన్న మాట వినపడితే మట్టి మనిషి చెవులు నిక్కబొడుచుకోవాలి. భూమి కొలతల ఎఫ్ఎంబీ స్కెచ్చులు, పాత గ్రామ పటాలు, అడంగళ్లు మీ ఆఫీసుకు కూతవేటు దూరంలో ఉన్న రెవెన్యూ ఆఫీసులో ఉంటాయి. బోరు మిషను కంటే ముందు అవి తెరవాలి. ఆ తర్వాత ఆ వీధిలో అందరికంటే పెద్ద వయసు మనిషిని వెతకాలి.

విశాఖ కొండవాలుల్లో ఇంకో రకం. స్థలం చదును చేయాలంటే కొండవైపు చెక్కి, ఆ మట్టే పల్లంవైపు పోస్తారు. ఇంటి వెనక సగం పుట్టినప్పటి నేల మీద, ముందు సగం నిన్న పోసిన మట్టి మీద. రెండూ ఒకే ఎర్రమట్టి, రంగు చూసి పోల్చలేం. గునపం దించితే తెలిసిపోతుంది. డెల్టాలో నది ఎన్నిసార్లు దారి మార్చుకుందో భూమి లోపల రాసి ఉంటుంది. పాత పాయ పూడిన చోట ఇసుక, పక్కనే వరద తెచ్చి పరచిన ఒండ్రు బంకమన్ను. పదడుగులు జరిగితే నేల మారుతుంది. రాయలసీమలో నాపరాయి కింద నీరు ఏం చేయగలదో బెలుం గుహలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక నల్లరేగడి. దీని తిక్క వేరు. మిగతా నేలలు కుంగితే కుంగుతాయి, రేగడి కుంగుతుంది, లేస్తుంది కూడా. ఎండాకాలం నెర్రెలిచ్చి ముడుచుకుంటుంది, తొలకరికి ఉబ్బుతుంది. ఇంటి చుట్టూ అంచున ఉన్న మట్టి ఎండకూ వానకూ అందుబాటులో ఉంటుంది కాబట్టి ఏటేటా ఆడుతుంది. మధ్యగదుల కింద మట్టి మాత్రం నీడలో ఉండి మెల్లగా చెమ్మ పట్టి ఉబ్బుతుంది. అందుకే వేసవిలో తెరుచుకుని శ్రావణానికి మూసుకునే బీట కనిపిస్తే అక్కడ కింద రేగడి ఉందని చూడకుండానే చెప్పొచ్చు. బరువైన మేడ కంటే తేలికైన ఒంటి అంతస్తు ఇంటికే ఇక్కడ ఎక్కువ చేటు, మట్టి ఉబ్బును అణచిపెట్టే బరువు దానికి ఉండదు. పేదవాడి రెండు గదుల ఇల్లు బీటలిచ్చి, పక్కనున్న షావుకారి మేడ చెక్కుచెదరకపోతే మేస్త్రి సిమెంటు తిన్నాడని ఊరు నిందిస్తుంది. చాలాసార్లు ఆ మేస్త్రి పాపం ఏమీ చేసి ఉండడు.

దీనికి మందు మన దేశంలోనే తయారైంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ రూపుదిద్దిన అండర్‌రీమ్డ్ పైలుకు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు ఉంటుంది, ఆ ఉబ్బు వెడల్పు కాండానికి దాదాపు రెండున్నర రెట్లు. అది పునాదిని ఎండావానా సోకని లోతులో పట్టి ఉంచుతుంది. కట్టి అనే ఆచార్యుడు చెప్పిన ఉబ్బని మట్టి పొర పద్ధతి కూడా ఉంది. ఇవి అవసరమా అని తెలియాలన్నా ముందు ఆ స్థలంలో రేగడి ఏ మూల ఎంత మందం ఉందో తెలియాలి. రేగడి కూడా ఒక ప్లాటులో అడుగున్నర, పక్క ప్లాటులో పదడుగులు ఉంటుంది.

కాలం సంగతి కూడా చెప్పాలి, దీన్ని మీలో చాలామంది గమనించి ఉండరు. ఇసుక మీద బరువు పెడితే అది కుంగాల్సిందంతా దాదాపు అప్పటికప్పుడే కుంగిపోతుంది. గోడ లేస్తుండగానే దాని లెక్క తేలిపోతుంది, ప్లాస్టరింగు నాటికి నిలకడ పడుతుంది. నీళ్లు పట్టి ఉన్న బంకమన్ను అలా కాదు. దానిలోంచి నీరు పిండుకుని బయటకు పోతేనే అది కుంగుతుంది, ఆ నీరు పోవడానికి ఏళ్లు పడుతుంది. టెర్జాగీ 1925లో వియన్నాలో అచ్చువేసిన పుస్తకంతో ఈ లెక్క లోకానికి తెలిసింది. పొర మందం రెట్టింపైతే కుంగుడు రెట్టింపు అవుతుంది, పట్టే కాలం మాత్రం నాలుగింతలు. ఒక మీటరు పొర ఏడాదిలో పని ముగిస్తే, అదే మట్టి మూడు మీటర్లుంటే తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఒక ఇంటికింద సగం ఇసుక, సగం బంకమన్ను ఉన్నాయనుకోండి. గృహప్రవేశం రోజున ఇసుకవైపు పని అయిపోయి ఉంటుంది, బంకమన్నువైపు అప్పుడే మొదలై ఉంటుంది. అందుకే కట్టేటప్పుడు బీట లేదు కాబట్టి పునాది బాగున్నట్టే అన్న వాదన నిలవదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే రోజున మీరు చూసే గోడలు చాలాసార్లు ఇంకా కథ మొదలుపెట్టని గోడలు.

పరీక్షల గురించి రెండు మాటలు. ఎస్పీటీ అంటే 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టడం. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి తర్వాతి 30 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బలే లెక్క. పరీక్ష సులువు, మోసమూ సులువే. కొందరు చేసే ప్లేట్ లోడ్ టెస్టు చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఇసుక బస్తాలు పేర్చి, గేజీలు పెట్టి. కాని అడుగు వెడల్పు పలక తన కింద రెండడుగుల మట్టిని మాత్రమే నొక్కి చూస్తుంది. మీరు కట్టే ఆరడుగుల ఫుటింగు పన్నెండడుగుల లోతు దాకా నొక్కుతుంది. ఆ మధ్యలో మెత్తటి పొర ఉంటే పలకకు తెలియదు. కెనడాలో విన్నిపెగ్ దగ్గర ట్రాన్స్‌కోనా ధాన్యపు గిడ్డంగి 1913 అక్టోబరులో ధాన్యం నింపుతుండగానే 27 డిగ్రీల దాకా ఒరిగిపోయింది. పైపొర గట్టి బంకమన్ను మీద చేసిన పరీక్షను నమ్మి కట్టారు, కింద మెత్తటి పొర ఉందని 1951లో బోర్లు వేసి చూస్తే తేలింది. ఎలాంటి కట్టడానికైనా అదే గుణపాఠం, మా మాస్టారి డాబాకైనా.

ఐఎస్ 1892 అన్న పాత ప్రమాణం 1979లో ఏమందంటే, సుమారు ఎకరం స్థలంలో భవనానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు వేయాలి, చిన్న ఇళ్లకు మధ్యలో ఒక్కటైనా చాలు. ఆ చివరి ముక్కనే మా వృత్తి అంతా పట్టుకుని వేలాడుతోంది. నేనూ వేలాడాను. చిన్న ఇల్లన్న మాట నేల వైవిధ్యాన్ని చిన్నది చేయదు. నేల మారే చోట ఇల్లు ఎంత చిన్నదైనా రెండు నేలల మీద కూర్చుంటుంది.

2020లో తెలంగాణ టీఎస్-బీపాస్ చట్టం తెచ్చి, చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి దొరికేలా చేసింది. మధ్యతరగతి మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, అది నిజం, మంచిది కూడా. కాని ఇంటాయన తన స్థలం కొలతలు ధ్రువీకరించగలడు, తన కింది మట్టిని ఎలా ధ్రువీకరిస్తాడు? ఆయనకు దాని గురించి తెలిసింది ఏమిటి? స్వీయ ధ్రువీకరణ పెరిగినకొద్దీ పునాది దగ్గర ఒక కన్ను వేసి ఉంచడం ఎక్కువ అవసరమవుతుంది.

2024 నవంబరులో హైదరాబాద్ సిద్దిఖీ నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గుంత తవ్వారు, ఐదంతస్తుల ఇల్లు ఒకటి పక్కకు ఒరిగిపోయింది. లోపలివాళ్లను ఖాళీ చేయించి, మర్నాడు ఆ ఇంటిని యంత్రంతో కూల్చేశారు. అది మట్టి మారడం వల్ల వచ్చింది కాదు, పక్క నేల ఆసరా పోవడం వల్ల వచ్చింది. అయినా లెక్క ఒకటే. ఒక పక్క పిల్లర్ల కింద నేల ఒకలా, ఇంకో పక్క ఒకలా ఉన్న రోజున ఇల్లు ఏమవుతుందో ఆ ఒక్క సాయంత్రం అందరూ టీవీల్లో చూశారు. ఏళ్ల తరబడి జరిగేది గంటల్లో జరిగింది, అంతే తేడా.

నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. మొదటిది, మీ ముందుకు వచ్చే మట్టి నివేదికలో ఒకే ఎస్‌బీసీ నంబరు ఉంటే వెనక్కి పంపండి. బోర్లు ఎక్కడ వేశారో ప్లాను మీదే గుర్తు పెట్టించండి, అవి మూలల దగ్గరికి జరగాలి. చిన్న ఇంటికి మిషను బోర్లు మూడూ నాలుగూ అక్కర్లేదు. ఒక బోరు, మిగతా మూలల్లో చేతితో తవ్విన గుంతలు, చేతి ఆగర్ రంధ్రాలు సరిపోతాయి. ఖర్చు ఎక్కువవుతుందంటారు. గేటుకూ దాని మీది సింహాలకూ పెట్టే డబ్బులో ఓ ముక్క. నివేదికలో ప్రతి పిల్లరు కుంగుడు విడిగా, పక్కపక్క పిల్లర్ల తేడా విడిగా రాయించండి. వివరాలు తక్కువున్న చోట ఒక పిల్లరు కింద ఆ స్థలంలో దొరికిన మెత్తటి మట్టి, పక్క పిల్లరు కింద గట్టిది ఉన్నట్టు వేసుకుని తేడా చూడటం మాలో జాగ్రత్తపరుల పద్ధతి. తెలియనితనానికీ లెక్కలో చోటు ఇవ్వడమన్న మాట.

రెండోది నాకు మరీ ముఖ్యం, దీనికి మిషను కూడా అక్కర్లేదు. ఫుటింగు గుంతలన్నీ తవ్వి, కాంక్రీటు పోయకముందు ఒక్క పూట ఇంజనీరు వచ్చి చూడాలి. ప్రతి గుంత అడుగునా ఏ మట్టి ఉందో, గునపం పోటు వేస్తే ఎంత దిగిందో, నీరు ఊరుతోందా, పెంకు, బొగ్గు, ఎముక, గుడ్డపీలిక లాంటివి కనిపించాయా అన్నది ఒక కాగితం మీద గుంత గుంతకూ రాసి, ఫోటోలతో మీకు అప్‌లోడ్ చేయాలి. తేడా కనిపించిన గుంతను ఏం చేశారో అదీ రాయాలి. అందరికంటే ముందు మేస్త్రినే అడగాలి. గునపం పోటు శబ్దం విని నేల సంగతి చెప్పే మేస్త్రులు మనకు ఇంకా ఉన్నారు. వాళ్ల చెవికి నివేదికలో ఒక గడి ఇవ్వండి.

మూడోది, ప్లింత్ మీద నాలుగు మూలలా నాలుగు మేకులు. ఇల్లు పూర్తయిన రోజున, తర్వాత రెండు మూడేళ్లు ఆరు నెలలకోసారి, ట్యూబ్ లెవెల్ పట్టి వాటి మధ్య తేడా కొలిచి ఇంటాయనే రాసుకోవచ్చు. పారదర్శక గొట్టంలో నీళ్లు, ఇద్దరు మనుషులు, అరగంట పని. రెండు మూడు మిల్లీమీటర్ల కచ్చితత్వం వస్తుంది. బీట పడకముందే ఏ మూల కదులుతోందో తెలిస్తే ఆ మూల సంపు లీకు కట్టడమో, గోడకు ఆనుకున్న వేపచెట్టు సంగతి చూడటమో చేసుకోవచ్చు.

"అన్నిటికీ రాఫ్ట్ వేసేస్తే సరిపోదా?" అని, అంటే ఇల్లంతటి కిందా ఒకే పలకలా పునాది వేస్తే చాలదా అని, ఒక టౌన్ ప్లానింగు అధికారి నన్ను అడిగారు. చాలా చోట్ల సరిపోతుంది. చిన్న మెత్తటి మచ్చల మీద రాఫ్ట్ వంతెనలా పరుచుకుంటుంది, ప్రమాణం కూడా దానికి కాస్త ఎక్కువ కుంగుడును అనుమతిస్తుంది. కాని స్థలంలో సగం కొండ, సగం పోసిన మట్టి అయితే రాఫ్ట్ కూడా పోసిన మట్టి వైపుకు మొత్తంగా వాలుతుంది. గోడకు బీట రాదు, ఇల్లే ఒరుగుతుంది. రాఫ్ట్ కావాలా, పైళ్లు కావాలా, విడి ఫుటింగులు చాలా అన్నది కూడా ఆ మూల కింద ఏముందో తెలిస్తేనే తేలుతుంది.

మాస్టారు పోయి చాలాకాలమైంది. వాళ్లబ్బాయి ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలనుకుంటూ ఈ మధ్య ఫోన్ చేశాడు. "అంకుల్, ఈశాన్యం మూల కాంక్రీటు ఎంత లోతు దింపారు, కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాడు. ఉంది. మా ఇంటి బీరువాలో నాలుగు గాజుముక్కలతో కలిపి దాచాను. మునిసిపాలిటీ ఫైలులో మాత్రం ఆ కాగితం పెట్టుకునే చోటు లేదు. ముందుగా ఆ చోటు చేయండి. మీ మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగు సూపర్‌వైజర్లనూ వార్డు ప్లానింగు కార్యదర్శులనూ ఒక పూట ఏదైనా పునాది గుంతల దగ్గరికి పోగుచేస్తే, నా చేతి ఆగర్, ఒక గునపం, ఒక ట్యూబ్ లెవెల్ తీసుకుని వస్తాను. బస్సు చార్జీ నేనే పెట్టుకుంటాను. కాళ్లకు బూట్లు మాత్రం వాళ్లు తెచ్చుకోవాలి, గుంతలో దిగాలి కదా.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ మట్టి పరీక్షల ఇంజనీరు